దూప అంటే దాహమే

వేసవిలో దుబాయి సైట్లలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. కార్మికులు ఉండే సోనాపూర్ క్యాంపు నుంచి వచ్చిన బస్సులు ఆగగానే మనుషులు దిగి, హెల్మెట్లు పెట్టుకుని, వరుసల్లో నిలబడతారు. వాళ్ల ముందు నిలబడి నేను పది నిమిషాలు మాట్లాడాలి. కాగితాల్లో దాని పేరు టూల్ బాక్స్ టాక్, సైటులో అందరూ టీబీటీ అంటారు. ఈరోజు పని ఏమిటి, ప్రమాదం ఎక్కడ ఉంది, ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు. సేఫ్టీ సూపర్‌వైజర్‌గా నా ఉద్యోగంలో ఆ పది నిమిషాలే అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎదురుగా ఉండేవాళ్లలో బీహార్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్లుంటారు. వాళ్లందరికీ హిందీలో చెబుతాను. ఆ తర్వాత మనవాళ్లను పక్కకు పిలిచి తెలుగులో చెబుతాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లు ఎక్కువ. శ్రీకాకుళం వాళ్లు కొందరు, కడప వాళ్లు కొందరు. నేను కోస్తా వాణ్ణి. కొత్తలో హిందీ గురించి చాలా టెన్షన్ పడ్డాను గానీ తెలుగు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సొంత భాషలో చెబితే అర్థం కాకపోవడం ఏముంటుంది అనుకున్నాను.

ఒక జూన్ నెల మధ్యాహ్నం నా లెక్క తప్పింది.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. ఆ విరామం మొదలు కావడానికి అప్పటికి ఇంకా పది రోజులుంది. ఎండ మాత్రం తేదీ చూసుకుని రాదు కదా. రెండు గంటల వేళ ఇనుము కట్టే కుర్రాడు ఒకడు నా దగ్గరికి వచ్చి "అన్నా, సక్కరొస్తంది" అన్నాడు. నాకు షుగర్ జబ్బు అని అర్థమైంది. ఇంత చిన్న వయసులోనా అని జాలిపడి, "ఎప్పటి నుంచి? మందులు వాడుతున్నావా? మెడికల్ పరీక్షలో చెప్పలేదా?" అని అడగడం మొదలుపెట్టాను. అతను నా వైపు చూస్తున్నాడు గానీ జవాబు రావడం లేదు. మెల్లగా గోడకు చేరగిలబడ్డాడు. వెనకాల ఉన్న మేస్త్రి పరుగున వచ్చి "సార్, తలకాయ తిరుగుతుందంటుండు, పడిపోతడు, పట్టుకోండి!" అని అరిచాడు.

హిందీలో చక్కర్ అంటే కళ్లు తిరగడం. హిందీలో ఆ మాట నాకు తెలుసు, ఎన్నోసార్లు వాడాను కూడా. అదే మాట తెలుగు నోట్లోంచి, తెలుగు వాక్యంలో వచ్చేసరికి నా చెవి దాన్ని చక్కెరగా మార్చేసింది. నీడకు మోసుకెళ్లి, చొక్కా విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టాం. నర్సు వచ్చింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. కానీ నేను మందుల గురించి అడుగుతూ గడిపిన ఆ రెండు మూడు నిమిషాలు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మనిషికి మాట తడబడుతుంది, ఎక్కడున్నాడో తెలియదు. ఆ స్థితికి వెళ్లేముందు అతను చెప్పగలిగిన మాట అదొక్కటే. చెప్పాడు కూడా. నేనే వినలేకపోయాను.

ఎదుటివాళ్లకు తగ్గట్టు మాట్లాడాలని అందరూ అంటారు. తేలిక మాటలు వాడాలి, చిన్న వాక్యాలు చెప్పాలి అని మా ట్రైనింగ్‌లోనూ చెప్పారు. ఆ రోజు నుంచి నాకు తెలిసింది వేరు. ముందు నా చెవిని మార్చుకోవాలి. కష్టంలో ఉన్న మనిషి పుస్తకంలో మాట వెతుక్కోడు, పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న మాటే వస్తుంది. ఆ మాట నాకు తెలిసి ఉండాలి.

జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాను. టీ విరామంలో, బస్సులో, ఎవరి పక్కన కూర్చుంటే వాళ్లను అడిగి రాసుకున్నాను. దూప అంటే దాహం. మా వైపు ధూపం అంటే సాంబ్రాణి పొగ. "దూపయితుంది" అని ఎవరైనా అంటే, తెలియనివాడు పొగ ఎక్కడ వస్తోందా అని చుట్టూ చూస్తాడు. పానం మంచిగ లేదంటే ఒంట్లో బాగా లేదని. గోలీ అంటే మాత్ర. దవాఖాన సంగతి అందరికీ తెలిసిందే. త్వరగా అనడానికి తెలంగాణ వాళ్లు జల్ది అంటే, శ్రీకాకుళం వాళ్లు బేగి అంటారు, కడప వాళ్లు బిన్నా అంటారు. ఉత్తరాంధ్రలో ఒగ్గెయ్ అంటే వదిలెయ్. ఇది నాకు చాలా ముఖ్యమైన మాట. తాడు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు ఒగ్గెయ్ అన్నప్పుడు రెండోవాడికి అది తెలియకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

అన్నిటికన్నా నాకు పనికొచ్చిన మాట పైలం. జాగ్రత్త అన్న మాట సైటులో ప్రతి గోడ మీదా ఉంటుంది, పది భాషల్లో ఉంటుంది, నేనూ రోజుకు వంద సార్లు అంటాను. అలా అని అని అది అరిగిపోయింది. ఒకరోజు పొద్దున చివర్లో "పైకి ఎక్కేవాళ్లు బెల్టు హుక్ తగిలించుకోండి, పైలం అన్నా" అన్నాను. కిందికి చూస్తున్న తలలు పైకి లేచాయి. తర్వాత ఒక పెద్దాయన చెప్పాడు: విమానం ఎక్కే రోజు ఇంట్లోవాళ్లు చివరగా అన్న మాట అదేనట.

దాంతో నాకు ఉత్సాహం ఎక్కువై ఒక తప్పు చేశాను. మాటలతో పాటు యాస కూడా పట్టుకుందామని చూశాను. వారం రోజులు అలాగే సాగదీసి మాట్లాడాను. ఒక సాయంత్రం ఇనుము పనివాడొకడు పక్కకు వచ్చి, "మా మాటను ఎక్కిరిస్తున్నవా సార్?" అని అడిగాడు. కోపంగా కాదు, బాధగా. నాకు నోట మాట రాలేదు. తెలంగాణ యాసను, శ్రీకాకుళం యాసను సినిమాలు ఎన్నేళ్లు రౌడీలకూ నవ్వించే పాత్రలకూ వాడాయో మనకు తెలుసు. ఆ దెబ్బ తిన్న మనుషులకు కోస్తా వాడి నోట్లో తమ యాస వినిపిస్తే గౌరవంగా ఎలా అనిపిస్తుంది? అప్పటి నుంచి మాట తీసుకుంటాను, యాస తీసుకోను. నా తెలుగు నా తెలుగుగానే ఉంటుంది, అందులో దూప, పైలం, బేగి వచ్చి కూర్చుంటాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఎదుటివాడికి వెంటనే తెలిసిపోతుంది.

నువ్వు, మీరు దగ్గర కూడా ఇలాగే నలిగాను. నాకన్నా పదేళ్లు చిన్నవాడు "అన్నా, నువ్వు చెప్పు" అంటే మొదట్లో మనసు చివుక్కుమనేది. నేనేమో అందరినీ మీరు అనేవాణ్ణి, మర్యాద అనుకుని. వాళ్లకు అది ఆఫీసరు పలకరింపులా ఉండేదట, దగ్గరికి రానివ్వడం లేదనిపించేదట. వాళ్ల నువ్వులో అన్న ఉన్నాడు, నా మీరులో ఎవరూ లేరు. ఇప్పుడు పెద్దవాళ్లను అన్నా అని, చిన్నవాళ్లను తమ్మీ అని పిలుస్తాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఇంజినీరుకు మాత్రం మీరు, గారు తప్పనిసరి. అతని దగ్గర నువ్వు అంటే గొడవే.

గల్ఫ్‌లో ఎవరి భాషా కాని భాష ఒకటి ఉంది. అరబ్బీ ముక్కలు, హిందీ ముక్కలు, ఇంగ్లీషు ముక్కలు కలిపి అందరూ మాట్లాడేస్తారు. సదీక్ అంటే స్నేహితుడు, మోయా అంటే నీళ్లు, ఖలాస్ అంటే అయిపోయింది. ఇందులో కొత్తగా వచ్చిన తెలుగువాణ్ణి మొదట పడేసేది మాఫీ. మనకు మాఫీ అంటే రుణమాఫీ, అంటే రద్దు చేసి క్షమించడం. ఇక్కడ మాఫీ అంటే లేదు. ఫోర్‌మన్ "మోయా మాఫీ" అంటే నీళ్లు లేవని. వచ్చి నాలుగు రోజులైన ఒకతను అది విని, నీళ్లకు డబ్బులు కట్టక్కర్లేదు కాబోలనుకున్నాడు. అందుకే కొత్త బ్యాచ్ దిగిన మొదటి రోజు ఇలాంటి మాటలు ఒక ఇరవై దాకా నేనే ముందుగా చెప్పేస్తాను.

ఈ కలగలుపు భాషలో ఒక మాటను మాత్రం నేను పూర్తిగా మానేశాను. ఖల్లివల్లి. ఇక్కడ అందరి నోట్లోనూ ఉంటుంది, "పోనీలే, వదిలెయ్" అని అర్థం. ఒకరోజు ఏదో చిన్న విషయానికి ఖల్లివల్లి అని నవ్వాను. ఎదురుగా ఉన్న జగిత్యాల మనిషి ముఖం మాడిపోయింది. గల్ఫ్‌కు మనుషులను పంపిన తెలంగాణ ఊళ్లలో ఖల్లివల్లి అంటే కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి బయటికి పోయి, కాగితాలు లేకుండా బతుకుతున్నవాడు. అతని తమ్ముడు అలా ఏళ్ల తరబడి దాక్కుని బతికి, కాగితాలు లేనివాళ్లను శిక్ష లేకుండా వెళ్లనిచ్చిన 2018 ఆమ్నెస్టీలో ఔట్‌పాస్ (దేశం వదిలి వెళ్లడానికి ఇచ్చే కాగితం) మీద ఇంటికి చేరాడు. నా నోట్లో తేలిగ్గా దొర్లిన మాట ఆ ఇంట్లో ఎన్నేళ్ల ఏడుపో. అర్థం తెలిస్తే సరిపోదు, ఆ మాట ఎవరి ఇంట్లో ఏం చేసి వచ్చిందో కూడా తెలియాలి.

మార్చకూడని మాటలు కూడా ఉన్నాయి. క్రేన్ దగ్గర బరువు పైకి ఎత్తాలంటే హాబీస్, దించాలంటే ఆర్యా అంటారు. పాత ఓడల మీది మాటలని, క్రేన్‌కు బరువులు కట్టే పెద్ద రిగ్గర్లు చెబుతారు. మా సైటులో ఇవి ఎవరి ఇంటి భాషలోవీ కావు, కానీ బీహారీకీ పఠాన్‌కీ తెలుగువాడికీ ఒకేలా తెలుసు. అక్కడ నేను తేలిక తెలుగు చెబుదామని "ఎత్తు, దించు" అంటే ప్రాణాలు పోతాయి. సెంట్రింగ్ కూడా అంతే. డ్రాయింగుల్లో ఫార్మ్‌వర్క్ అని ఉంటుంది, హిందీవాళ్లు షట్టరింగ్ అంటారు, మనవాళ్లకు అది ఎప్పటికీ సెంట్రింగే. వాళ్లతో సెంట్రింగ్ అనే అంటాను, రిపోర్టులో ఫార్మ్‌వర్క్ అని రాస్తాను.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది ఇంకో రకం. ఒక బ్రిటిష్ కన్సల్టెంటుతో పరంజా తనిఖీకి వెళ్లినప్పుడు నాకొక చిన్న విషయం అడగాలనిపించి "ఐ హావ్ ఎ డౌట్" అన్నాను. మనకు డౌట్ అంటే క్లాసులో అడిగే ప్రశ్న. ఆయనకు అది అనుమానంగా వినిపించింది. పరంజా భద్రం కాదని నేను అంటున్నాననుకుని, అందరినీ కిందికి దింపించి ప్రతి జాయింటూ చూశారు. ఆయన చేసింది తప్పని నేను అనను, సేఫ్టీలో అనుమానం అన్న మాటకు ఆ విలువ ఉండాలి. ఇప్పుడు ప్రశ్న అయితే ప్రశ్న అనే అంటాను. అలాగే 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచేటప్పుడు "చాలా సీరియస్" అనను. గేటు ఎక్కడ, మనిషి మాట్లాడుతున్నాడా లేదా, ఊపిరి ఉందా లేదా, అంతే.

ఇంత చేసినా చెప్పింది చేరిందో లేదో తెలుసుకోవడం కష్టమే. "సమజైందా?" అంటే అందరూ "సమజైంది సార్" అంటారు. అర్థం కాలేదని నలుగురి ముందు ఎవరు ఒప్పుకుంటారు? నేనేం చెప్పానో తిరిగి చెప్పమని అడిగి చూశాను. పెళ్లయి పిల్లలున్న మగవాళ్లు బడిపిల్లల్లా తలదించుకున్నారు, నాకే సిగ్గేసింది. ఇప్పుడు ఇంకోలా అడుగుతాను. "అన్నా, రేపు నీ పక్కన కొత్తవాడొస్తే ఈ పని గురించి వాడికి ఏం చెబుతావు?" అంటే గొంతు మారుతుంది. తన మాటల్లో, నాకన్నా బాగా చెబుతాడు. ఆ మాటల్లో కొన్ని నా పుస్తకంలోకి వస్తాయి.

ఆ రోజు కళ్లు తిరిగి కూలబడిన కుర్రాడు ఇప్పటికీ మా సైటులోనే ఉన్నాడు. ఇప్పుడు చిన్న గ్యాంగుకు లీడరు. మొన్న ఎండలో తిరుగుతుంటే నా ముఖం చూసి, నీళ్ల బాటిల్ పట్టుకుని వచ్చాడు. "సార్, దాహం వేస్తుందా?" అన్నాడు, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ. నాకు అర్థం కావాలని అతను కూడా ఇన్నాళ్లుగా నా మాటలు ఏరుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. బాటిల్ అందుకుని "బాగా దూపయితుంది తమ్మీ" అన్నాను.