తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచారు

ఎన్నికల డ్యూటీ చేసిన టీచర్లు ఎవరినైనా అడగండి. పోలింగ్ రోజంతా ఒక ఎత్తు, సాయంత్రం సీల్ వేసే గంట ఒక ఎత్తు. పొద్దున్నుంచి కుర్చీలో కునుకు తీసిన ఏజెంటు కూడా అప్పుడు లేచి కళ్లజోడు పెట్టుకుంటాడు. ఇక ట్యాగ్ మీద సంతకాలు, కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించడం, పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ కాపీ ముందు నాకంటే నాకని చేతులు చాపడం. అక్కడున్న వాళ్లకు ఒకరి మీద ఒకరికి రవ్వంత నమ్మకం ఉండదు. ఆ లక్క ముద్రను మాత్రం అందరూ నమ్ముతారు.

మిర్యాలగూడ వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్తూ ఈ డ్యూటీలు చాలానే చేశాను. అందుకేనేమో, నేపాల్ అంతర్యుద్ధం ఎలా ముగిసిందో చదువుతుంటే నన్ను పట్టుకున్నవి పెద్ద పెద్ద ఒప్పందాలు కాదు, ఇనుప కంటైనర్లు.

అక్కడ 1996 ఫిబ్రవరిలో మావోయిస్టులు మొదలుపెట్టిన యుద్ధం 2006 నవంబరు శాంతి ఒప్పందంతో ఆగింది. అప్పటికి 13 వేల మందికి పైగా పోయారు. ఆ తర్వాతే అసలు చిక్కు. తుపాకులు అప్పగిస్తే సైన్యం మీద పడుతుందని మావోయిస్టుల భయం. అప్పగించకపోతే ఓట్లు తుపాకీ నీడలో పడతాయని మిగతా పార్టీల భయం. మరి దొరికిన ఉపాయం ఏమిటంటే, తుపాకులు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మావోయిస్టు సైనికులుండే శిబిరాల్లోనే కంటైనర్లలో పెట్టి తాళం వేస్తారు, తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంటుంది. కాకపోతే తలుపు తీస్తే సైరన్ మోగుతుంది, కెమెరాకు దొరుకుతుంది, ఐక్యరాజ్యసమితి పరిశీలకుల కంటపడుతుంది. అటు నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాలు తన బ్యారక్‌లలో తాళం వేసి పెట్టాలి. పరిశీలకులు అందరూ వచ్చేలోపు రిటైరైన గూర్ఖా సైనికుల్ని కాపలా పెట్టారు.

భద్రతా మండలి 2007 జనవరిలో పంపిన ఈ బృందం పేరు అన్‌మిన్. దానికి నాయకుడు ఇయాన్ మార్టిన్. పరిశీలకుల చేతిలో ఒక్క తుపాకీ లేదు. అంటే ఎవరైనా మొండికేసి తాళం తీస్తే ఆపే బలం వాళ్లకు లేదు. చూసి, ఫలానా వాళ్లు తీశారని ప్రపంచానికి చెప్పడమే వాళ్ల పని. మా బూత్‌లో నాకున్న బలమూ అంతే కదా! సాక్షి ఉన్నాడన్న జంకే సగం పని చేస్తుంది. బయటివాళ్లు చేయగలిగిన సాయంలో నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

రాజ్యాంగం రాసే సభకు ఎన్నికలు రెండుసార్లు వాయిదా పడి 2008 ఏప్రిల్ 10న జరిగాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ లాంటి వాళ్లు వచ్చి చూశారు. 601 మంది రాజ్యాంగ సభలో మావోయిస్టులు 220 సీట్లతో అందరికంటే ముందున్నారు. మే 28న రాజరికం రద్దయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మా జిల్లా గుర్తొస్తుంది. ఇక్కడ 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం ఆపేస్తే, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. మనకు బయటి ప్రమేయం అసలు లేదనలేం. నిజాం 1948లో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశాడు, భద్రతా మండలి దాన్ని చేతిలోకి తీసుకున్న మర్నాడే లొంగిపోయాడు. 1951లో కమ్యూనిస్టు నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌నే కలిసి వచ్చారు. ఉరిశిక్ష పడిన తెలంగాణ ఖైదీల తరఫున సుప్రీంకోర్టులో వాదించడానికి బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే లాయర్ వచ్చాడు. చివరికి ఆ శిక్షలు యావజ్జీవానికి తగ్గాయి. నన్నడిగితే ఈ మూడింటిలో మాకు నిజంగా పనికొచ్చింది ఆ లాయరే.

లేనిది మాత్రం కంటైనర్. మా తాత దళానికి అన్నం మోసినవాడు. పోరాటం ఆపారని కబురొచ్చాక కూడా కొన్నాళ్లు ఇంటి ముఖం చూడలేదట. తుపాకీ ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఇవ్వాలి, ఇచ్చాక కేసు పెట్టరని పూచీ ఎవరిస్తారు? అడిగితే "బాయిల పడేసినం బిడ్డా" అనేవాడు. ఏ బావో చెప్పేవాడు కాదు.

మా దగ్గర బస్టాండు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపే ఒక తమ్ముడిది నేపాల్‌లోని రోల్పా జిల్లా, యుద్ధం మొదలైన ప్రాంతం. వాళ్ల బావ శిబిరంలో ఉన్నవాడే. "యుద్ధంలో కన్నా క్యాంపులో కష్టమైంది అక్కా" అంటాడు వచ్చీరాని తెలుగులో. "రోజూ కసరత్తు, రోజూ పప్పు, రేపు ఏందో తెల్వదు." లెక్క తేల్చిన 19,602 మంది మావోయిస్టు సైనికులు ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నారు. వాళ్ల సంగతి తేలకముందే, 2011 జనవరిలో అన్‌మిన్ మూటాముల్లె సర్దుకుంది. ఉండమని బతిమాలిన వాళ్లూ పెద్దగా లేరు. ఖాట్మండు ప్రభుత్వానికి చిరాకు, మన ఢిల్లీకి అసలే ఇష్టం లేదు. 2005లో మావోయిస్టులకూ పార్టీలకూ 12 అంశాల ఒప్పందం కుదిరింది ఢిల్లీలోనే అయినా, పెరట్లో ఐక్యరాజ్యసమితి జీపులు తిరగడం మనవాళ్లకు నచ్చలేదు.

2012లో తేలిందేమిటి? సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయల చెక్కు పుచ్చుకుని ఇళ్లకు పోయారు. బావా చెక్కే తీసుకున్నాడు. అది అప్పులకూ, ఖతార్ ఏజెంటుకూ సరిపోయింది.

నాకు కోపం తెప్పించేది ఇక్కడే. తుపాకులు లెక్కపెట్టడానికి, ఓట్లు లెక్కపెట్టడానికి ప్రపంచమంతా పరిగెత్తుకొస్తుంది. తప్పిపోయినవాళ్లు 1,300 మందికి పైగా ఉన్నారని రెడ్‌క్రాస్ జాబితాలు వేసింది. వాళ్ల కోసం కమిషన్ వేయడానికే 2015 దాకా పట్టింది. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు ఇప్పటికీ బొట్టు పెట్టుకోవాలో వద్దో తేలక ఉన్నారు. ఈ పనికి గడువు పెట్టి, నిధులు పెట్టి, తేలేదాకా పోమని కూర్చునే దేశం ఒక్కటీ కనబడలేదు. ఓట్ల పండుగ ఫొటోకు బాగుంటుంది మరి.

ఓటు సంగతి కూడా చెప్పాలి. మా పాలమూరు కూలీలను పోలింగ్ రోజుకు ముంబై, పుణే నుంచి పార్టీలే బస్సులు పెట్టి తెచ్చుకుంటాయి. నేపాల్ వాళ్లకు గల్ఫ్ నుంచి ఆ దారీ లేదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఓటు ఏర్పాటు చేయమని అక్కడి సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. రాజ్యాంగ సభ కావాలని తుపాకీ పట్టిన బావ మాత్రం ఖతార్ వెళ్లాక ఒక్కసారీ ఓటేయలేదట.