రోమ్‌లో అమ్మ లాటిను

పవిత్ర ద్వారం ఇంకా పది గజాలుందనగానే అమ్మ వంగి చెప్పులు విప్పేసింది. రెంటినీ ఓ ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకన పెట్టుకుంది. లైను చూస్తున్న కుర్రాడు గబగబా వచ్చి నేలకేసి, ఆమె కాళ్ళకేసి చూపిస్తూ ఇటాలియన్‌లో ఏదో చెప్పాడు.

"గుళ్ళోకి చెప్పులేసుకుని రమ్మంటాడేందిరా ఈ పిల్లోడు?"

అతనికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. కాసేపు చూసి అతనే భుజాలెగరేసి తప్పుకున్నాడు. డెబ్బై మూడేళ్ళ మా అమ్మ పునీత పేతురు గారి గుడిలోకి వట్టి కాళ్ళతో నడిచింది.

ఈ జూబిలీ యాత్రకి మేం డబ్బు కట్టింది 2025 ఫిబ్రవరిలో. అప్పటికి ఫ్రాన్సిస్ గారు పోపు. ఏప్రిల్ 21న ఆయన పోయారు. అక్టోబరులో మా విచారణ గురువుతో, అంటే మా గుడి ఫాదర్ గారితో కలిసి విమానం ఎక్కేసరికి 14వ లియో గారు వచ్చారు. "వాటికన్ పక్కనే" అని ట్రావెల్స్ వాళ్ళు చెప్పిన హోటలు బస్సూ మెట్రో కలిపి గంట దూరంలో ఉంది. దాని గురించి రాయడం మొదలుపెడితే యాత్ర పక్కకి పోతుంది.

జూబిలీ అంటే కతోలికులకి పాపశిక్ష మాఫీ అయ్యే పుణ్య ఏడాది. దాన్ని 1300లో 8వ బోనిఫేస్ పోపు మొదలుపెట్టారు. మొదట నూరేళ్ళకోసారి అన్నారు, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి 1470లో పాతికేళ్ళకోసారని ఖాయం చేశారు. ఆ ఏడు రోముకొచ్చి, పాపసంకీర్తనం చేసి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని), పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకుని ఈ ద్వారం దాటితే, చేసిన పాపాలకి ఇంకా మిగిలున్న శిక్ష మాఫీ అవుతుందని నమ్మకం. ఇదే మాఫీని ఒకప్పుడు కాగితం మీద రాసిచ్చి డబ్బు తీసుకున్నారు. 1506లో 2వ జూలియస్ పునాదిరాయి వేసిన ఈ గుడి కోసమే, 10వ లియో కాలంలో జర్మనీలో ఆ బేరం జోరుగా సాగింది. 1517లో మార్టిన్ లూథర్ గొంతెత్తింది దాని మీదే. ఫాదర్ గారు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేసి గోపురం ఎత్తు చెప్పారు, 136 మీటర్లట.

నాకు మాత్రం మా గుంటూరు జిల్లా ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఆర్‌సీఎం గుడికీ, అంటే మా కతోలిక గుడికీ, ఆ లూథర్ బాట పట్టిన లూథరన్ గుడికీ మధ్య ఇరవై అడుగుల రోడ్డు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. మా పిన్నిని ఆ రోడ్డు దాటించి అవతలి గుడి వాళ్ళింటికిస్తే, మా తాత రెండేళ్ళు ఆ ఇంటి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ తగువుకి మూలం నా తల మీదున్న ఈ గోపురం ఖర్చేనని తాతకి తెలిసుంటే ఏమనేవాడో.

లోపల కుడివైపు నడవలో 13వ గ్రెగరీ సమాధి ఉంది. పైన పోపు గారు చెయ్యెత్తి కూర్చున్నారు, అడుగున రాతి డ్రాగన్ ఒకటి తల బయటపెట్టి చూస్తోంది. మధ్యలో పాలరాతి మీద చెక్కిన బొమ్మలో పండితులు ఆయనకి క్యాలెండరు సమర్పిస్తున్నారు. మన గోడలకి వేలాడే క్యాలెండరు అదే. పాత లెక్కలో ఏడాది నిడివి పదకొండు నిమిషాలు ఎక్కువ. శతాబ్దాల తరబడి ఆ నిమిషాలు పోగుపడి పాస్కా (ఈస్టర్) పండుగ తేదీ జారిపోతూ వచ్చింది. అందుకని 1582లో అక్టోబరు 4 తర్వాత రోజుని 15 అన్నారు. ఇంగ్లీషువాళ్ళు పోపు మాట వినేదేమిటని మొండికేసి 1752లో గాని దారికి రాలేదు. రష్యా 1918 దాకా ఆగింది. స్పెయిన్ పునీతురాలు అవిలాపురి తెరేజమ్మ కన్నుమూసింది సరిగ్గా ఆ అక్టోబరు 4 రాత్రే. అందుకే ఆమె పండుగ 15న వస్తుంది. అమ్మకి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఆమెదే కాబట్టి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ చివరిదాకా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి ఆ పది రోజుల కూలి ఎవరిచ్చార్రా?"

ముప్పై ఏళ్ళు మిరప చేలో పనిచేసిన మనిషి. నా దగ్గర జవాబు లేదు.

14వ బెనెడిక్ట్ పోపు సమాధి దగ్గర మా బృందం ఆగలేదు. నేనొక్కణ్ణే వెనకబడ్డాను. పుదుచ్చేరి నుంచి తెలుగు సీమలోకి వచ్చిన కర్ణాటక మిషన్ జెసూయిట్లు (యేసుసభ గురువులు) సన్యాసుల్లా కాషాయం కట్టి, పైకులాల వాళ్ళు దూరం జరక్కుండా కులం మర్యాదలు పాటించేవారు. 1704లో పోపు దూత తూర్నాన్ వాటిలో చాలా ఆచారాల్ని నిషేధించాడు. ఇక నలభై ఏళ్ళ తగాదా. 1744లో బెనెడిక్ట్ ఆఖరి తీర్పు చెబుతూ నిషేధాన్ని ఖాయం చేశారు. అదే తీర్పులో, అంటరానివాళ్ళకని విడిగా గురువుల్ని పెడతామన్న జెసూయిట్ల ఏర్పాటుని ఒప్పుకున్నారు. వాళ్ళకో ఫాదరు, మాకో ఫాదరు. అమ్మ చిన్నప్పుడు మా గుళ్ళో మా పేట వాళ్ళు ఒక పక్కే కూర్చునేవాళ్ళు. సమాధుల దొడ్డి ఇప్పటికీ రెండు ముక్కలే. గుళ్ళో పోని కులం 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో సర్కారు కాగితంలో మాత్రం పోయింది. క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. నా సర్టిఫికెట్టు మీద బీసీ-సి అని ఉంటుంది. పాలరాతి పోపు గారి మీద నాకు కోపం వచ్చింది, దాచుకోను. వచ్చినా అక్కడే నిలబడి ఒక పరలోక జపం చెప్పుకున్నాను. అలవాటు.

మర్నాడు, పోపుల్ని ఎన్నుకునే సిస్టీన్ చాపెల్లో అందరి తలలూ పైకే. అమ్మ మాత్రం గోడల వెంట చూస్తోంది. "మన ఆంథోనీ గారు ఎక్కడ కూర్చున్నారు?" కర్నూలు మేత్రాణులుగా (బిషప్పుగా) చేసి, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) అయిన పూల ఆంథోనీ గారి సంగతి. 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ గారు ఆయన్ని కార్డినల్‌ని చేశారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్ ఆయనే. 2025 మే నెలలో లియో గారిని ఎన్నుకున్న 133 మంది కార్డినళ్ళలో ఒకరు. ఏ కుర్చీయో నాకెలా తెలుస్తుంది? "అదిగో, అక్కడ" అని ఓ మూల చూపించాను. యాత్రలో నేనాడిన అబద్ధం అదొక్కటే. అమ్మ ఆ మూలకి వెళ్ళి నేలని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. కాపలావాడు "సిలెన్సియో" అని అరిచాడు, మమ్మల్ని కాదులెండి.

15వ తేదీ బుధవారం జగద్గురువు పోపు గారి దర్శనం. తెరేజమ్మ పండుగ కావడంతో అమ్మ పెట్టె అడుగునున్న పట్టుచీర తీసింది. తెల్లవారుజామున బయల్దేరినా మాకు దొరికిన కుర్చీలు ఎక్కడో వెనక. తెల్ల బండి మా పక్కగా వెళ్ళినప్పుడు నాకు కనబడింది జనం ఎత్తిపట్టుకున్న ఫోన్లే. ఆయన మాటల సారాంశాన్ని ఇంగ్లీషు, స్పానిష్, పోలిష్, అరబిక్... ఒక్కో భాషలో చదువుతున్నారు. "తెలుగెప్పుడు?" అంది అమ్మ. లేదమ్మా అన్నాను.

చివర్లో అందరూ లేచారు. పరలోక జపం లాటిన్‌లో పాడతారట. మా బృందంలో కుర్రకారు కాగితం ముక్కలు వెతుక్కుంటుంటే పక్కనుంచి గొంతు వినబడింది. "పాతెర్ నోస్తెర్, క్వి ఎస్ ఇన్ చేలిస్..." అమ్మ. కాగితం లేదు, తడబాటు లేదు.

1962-65లో కతోలిక పీఠాధిపతులు కూడిన వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. అంతకుముందు ఫాదర్ గారు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో చెబుతుంటే, వెనక పిల్లలు జవాబులు పాడేవాళ్ళు. వాళ్ళకి ఉపదేశి గారు (గుళ్ళో జపాలు నేర్పేవారు) ముక్క అర్థం చెప్పకుండా బట్టీ పట్టించారు. అమ్మకి పన్నెండు పదమూడేళ్ళొచ్చేసరికి ఆ చదువు ఆగిపోయింది. ఇంట్లో ఏనాడూ లాటిను మాట వినలేదు నేను.

"పానెం నోస్త్రుం" దాకా గంభీరంగా పాడింది. తర్వాతి మాట క్వోతిదియానుం, అనుదిన ఆహారంలోని అనుదినం. అక్కడికి రాగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని భుజం పట్టుకున్నాను. నవ్వుతోంది.

"కోతిరా... ఆ మాట రాగానే మేమంతా 'కోతి, కోతి' అని నవ్వేవాళ్ళం. ఉపదేశయ్య చెవులు మెలేసేవాడు."

ముందు వరసలో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ ఆగడం లేదు. పోపు గారు ఆశీర్వాదం మొదలుపెట్టారు. జనం చేతుల్లో ఉన్న జపమాలలు, పటాలు పైకెత్తారు. పేటలో ఇంటికొకటి చొప్పున బేరమాడి కొన్న నలభై జపమాలల సంచీని అమ్మ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. నవ్వుకి సంచీ అలా ఊగుతూనే ఉంది.