అందరి బడి అంటే ముందు ర్యాంపు కొలవండి

విజయవాడలో ప్రైవేటు బడి కరపత్రం తిరగేస్తే 'పిల్లలందరికీ చోటు' అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆ చోటు ఎంతో తెలియాలంటే టేపు పట్టుకుని గేటు దగ్గరే మొదలుపెట్టండి.

ర్యాంపు వాలు లెక్క 1:12. అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ లాంటి చోట పునాది లేపి కట్టక తప్పదు. మూడడుగులు లేపితే ర్యాంపు 36 అడుగులు కావాలి, మధ్యలో చక్రాల కుర్చీ ఆగడానికి చదునైన జాగా అదనం. స్థలం లేదని పన్నెండు అడుగుల్లో కానిచ్చేస్తే అది స్కూటర్ ఎక్కించుకోవడానికే పనికొస్తుంది. ఇక స్టీలు రెయిలింగ్ మీద ఏప్రిల్ ఎండలో చెయ్యి వేసి చూడండి. పైన రేకు నీడైనా ఉండాలి.

చట్టాల సంగతి తెలిసిందే. 2009 విద్యాహక్కు చట్టం ఎయిడ్ లేని ప్రైవేటు బడుల్లోనూ ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. ఆ పిల్లల్ని విడిగా ఓ సెక్షన్‌లో కూర్చోబెడితే మాత్రం సీటు ఇచ్చి బడి ఇవ్వనట్టే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కూడా ఆ చట్టం చెప్పినవే. చిక్కెక్కడంటే, ఆ మనిషిని పదో తరగతిలోనే మొదటిసారి చూపిస్తారు. చెప్పి రాయించడం నేర్చుకోవాల్సిన పని. 'ఎ ప్లస్ బి బై సి' అంటే గీత దేని కింద గీయాలి? ఆరో తరగతి యూనిట్ టెస్టుల నుంచే ఒకే జోడీని కూర్చోబెట్టాలి.