యెరూషలేము వద్దన్న పెద్దాయన

బైబిల్లో రెండవ సమూయేలు 19వ అధ్యాయం చదివేటప్పుడు మనం అబ్షాలోము కోసం దావీదు ఏడ్చినచోట ఆగుతాం, కుంటివాడైన మెఫీబోషెతు దగ్గర ఆగుతాం. బర్జిల్లయి దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. వృద్ధుల గురించి పరిశుద్ధ గ్రంథంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన భాగం లేదు.

సందర్భం మీకు తెలిసిందే. కన్నకొడుకు అబ్షాలోమే తిరగబడితే దావీదు రాజు యొర్దాను నది దాటి మహనయీము అనే ఊరికి వెళ్లిపోయాడు. అప్పుడు ఆదుకున్నవాళ్లలో గిలాదు ప్రాంతపు పెద్దాయన ఈ బర్జిల్లయి ఒకడు. వాళ్లు ఏమేం తెచ్చారో 17వ అధ్యాయం చివర రాసి ఉంది. గోధుమలు, యవలు, చిక్కుడుకాయలు, పేలాలు, తేనె, వెన్న. వీటన్నిటికన్నా ముందు రాసింది పరుపులు. అలసిపోయి వచ్చినవాడికి మొదట నడుం వాల్చే చోటు కావాలని ఆ వయసు మనిషికి ఒకరు చెప్పాలా?

యుద్ధం ముగిసింది. రాజు తిరిగి వెళ్తుంటే ఎనభై ఏళ్ల బర్జిల్లయి సాగనంపడానికి నది దాకా వచ్చాడు. "నాతో యెరూషలేముకు రా, నా దగ్గరే ఉంచుకుని నిన్ను పోషిస్తాను" అన్నాడు దావీదు. మనస్ఫూర్తిగా అన్న మాటే. పెద్దాయన వద్దన్నాడు. నాకు ఎనభై ఏళ్లు, తిన్నదాని రుచి తెలియదు, పాడేవాళ్ల పాట వినబడదు, నీకు భారంగా ఎందుకయ్యా, నా ఊళ్లో మా అమ్మానాన్నల సమాధి దగ్గర చనిపోనివ్వు అన్నాడు.

దావీదు బలవంతం చేయలేదు. తాను రాజు, ఋణపడి ఉన్నవాడు, నలుగురిలో పిలిచినవాడు. అయినా ఆ "వద్దు"ను గౌరవించాడు. ముద్దు పెట్టుకుని, దీవించి పంపాడు. "తల నెరసినవాని యెదుట లేచి ముసలివాని ముఖమును ఘనపరచి నీ దేవునికి భయపడవలెను" అన్న లేవీయకాండము మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. లేచి నిలబడడం ఎవరైనా చేస్తారు. ముసలివాని ముఖాన్ని ఘనపరచాలంటే ముందు ఆ ముఖంలోకి చూసి, నీకేం కావాలి అని అడగాలి కదా.

మన హైదరాబాదులో ఎన్ని ఇళ్లలో ఆ మాట అడుగుతున్నారు? ఊళ్లో ఇంటికి తాళం వేసి, అమ్మనో నాన్ననో మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఐదో అంతస్తుకు తెచ్చుకుంటాం. అందులో తప్పు లేదు. ఆసుపత్రులు ఇక్కడే, మన ఉద్యోగాలూ ఇక్కడే. హాల్లో దివాన్ మీద పక్క వేస్తాం. టీవీలో ఆరాధన లైవ్ పెట్టి, మాత్రల డబ్బా పక్కన పెట్టి, మనం కారెక్కి గుడికి, అంటే చర్చికి, వెళ్లిపోతాం. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని పక్కన పెట్టేవాళ్లను ప్రభువు మార్కు 7లో ఎలా గద్దించాడో మనకు కంఠస్థం. 2007లో మన దేశంలో తల్లిదండ్రుల పోషణకు చట్టమే వచ్చింది. తిండి, మందుల విషయంలో విశ్వాసులకు చట్టంతో చెప్పించుకునే అవసరం రాకూడదు, దాని గురించి ఇంక రాయను. తిండీ మందులూ లోటు లేకుండా చూస్తూనే మనిషిని ఒంటరిని చేసేస్తున్నాం, నా బాధ అది.

నవంబరు 2న నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లి చూడండి. కడిగిన సమాధులు, బంతిపూల దండలు, కొవ్వొత్తులు, కుటుంబమంతా చుట్టూ చేరి పాడే పాటలు. సమాధుల పండుగ నాకూ ఇష్టమే. పునరుత్థాన నిరీక్షణ అక్కడ కళ్లకు కనబడుతుంది. మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడికలో కూడా పెద్ద ఫ్లెక్సీ కట్టి, ఆయనంతటివారు లేరని ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం చెబుతారు. ఆ మాటల్లో ఒక్కటైనా ఆ మనిషి చెవినపడేలా చెప్పి ఉంటే!

మా నాన్న మెదక్ దగ్గర ఒక పల్లెలో సంఘపెద్దగా చేశారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ గుడి గురించి, కరువు రోజుల్లో దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొరగారు జనానికి పని చూపించి అన్నం పెట్టిన సంగతి గురించి ఎప్పుడూ చెప్పేవారు. చివరి రోజుల్లో తమ్ముడి ఫ్లాట్‌లో ఉన్నారు. పిల్లల పేర్లు కలగలిపేసేవారు, కానీ "ఒక్కపారి మన గుడికి తోల్కపో బిడ్డా" అన్న మాట మాత్రం మరిచేవారు కాదు. డాక్టరుగారు సరేనన్నాక తమ్ముడు తీసుకెళ్లాడు. నర్సాపూర్ అడవి దాటగానే వెనక సీట్లో నాన్న నిటారుగా కూర్చున్నారు. గుడిలో తన పాత బెంచీ అంచును అరచేత్తో తడిమి మరీ కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయమంటే లేచి, పరలోక ప్రార్థన మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట తడబడకుండా చెప్పారు. వచ్చే తరానికి నీ బలాన్ని తెలియజెప్పేవరకు నన్ను విడువకుము అని 71వ కీర్తనలో భక్తుడు అడిగిన వరం ఆ రోజు నా కళ్లముందే నెరవేరింది.

బర్జిల్లయి తనకోసం ఏమీ అడగలేదు గానీ తన కొడుకని చెప్పుకునే కింహామును చూపించి, ఇతణ్ణి తీసుకెళ్లు అన్నాడు. పెద్దవాళ్ల కోరిక చాలాసార్లు ఇలాగే చిన్నవాళ్ల వైపు తిరుగుతుంది. దావీదు చనిపోయే ముందు కూడా మరవలేదు. బర్జిల్లయి కుమారులు నీ బల్ల దగ్గర భోజనం చేయాలని తన తర్వాత రాజైన కొడుకు సొలొమోనుకు అప్పగించాడు. యిర్మీయా 41వ అధ్యాయంలో, అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, బేత్లెహేము దగ్గర ఒక చోటు కింహాము పేరుతోనే కనబడుతుంది. దావీదు తన సొంతూరి నేలలో అతనికి వాటా ఇచ్చి ఉంటాడని వ్యాఖ్యాతలు అంటారు. మన ప్రభువు పుట్టిన ఊరి పొలిమేరలో ఆ పెద్దాయన ఇంటి పేరు నిలిచిందని తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

సంఘాల్లో ఉన్న యవనస్థులారా, మీ గుడిలో పాటలన్నీ తెర మీద చిన్న అక్షరాల్లో వస్తున్నాయి, డ్రమ్స్ హోరులో మాట వినబడడం లేదు. ప్రతి ఆదివారం ఒక్క పాత కీర్తన పెట్టండి, అది పెద్దవాళ్లకు పుస్తకం లేకుండానే వస్తుంది. ఫ్యాను కింద ముందు బెంచీ వాళ్లకు వదలండి. రాలేనివాళ్ల ఇళ్లకు, నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరుగారితో కలిసి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకెళ్లండి. వెళ్లినప్పుడు గబగబా ప్రార్థన చేసి లేచి రాకండి. ఏ కీర్తన పాడమంటారు అని అడగండి. ఎక్కడికైనా వెళ్లాలని ఉందా అని అడగండి. ఊరి గుడి అంటే కారు ఉన్నవాళ్లు ఒకరు బయలుదేరండి. ఎక్కడికీ వద్దు, ఇక్కడే కూర్చో అంటే, ఫోను జేబులో పెట్టి కూర్చోండి.