చేతిలో గాలి లెక్క

జుట్టంతా చెదిరిపోయేంత గాలి వీస్తుంటే, చేతిలో పట్టుకుని గాలి వేగం కొలిచే చిన్న మీటర్ మీద 2.1 అని కనిపించింది. ఇంతేనా అనిపించింది.

అది సెకనుకు మీటర్లలో చూపిస్తోంది. 3.6తో గుణిస్తే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. పైగా నేను నిలబడింది పిట్టగోడ చాటున.

నాలుగడుగులు ముందుకొచ్చి, చెయ్యి బాగా చాపి, మీటర్‌కున్న చిన్న ఫ్యాన్‌ని గాలికి ఎదురుగా తిప్పాను. రెక్కలు సన్నగా రొద చేశాయి. 4.8. క్షణంలో 3.2. మళ్ళీ 5.6! గాలి ఇలా ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉండటం అంకెల్లో చూడటం నాకిదే మొదటిసారి. ఎంత బాగుందో.

అదే మీటర్ టెంపరేచర్ మాత్రం ఎండలో 39 డిగ్రీలు చూపించింది. నీడలోకి తెచ్చి, ఒంటికి దూరంగా పట్టుకుని ఐదు నిమిషాలు ఆగితే మెల్లగా 34కి దిగింది. ఎండలో అది చెప్పింది గాలి వేడి కాదు, తన ఒంటి వేడి.

వాతావరణ కేంద్రాల్లో గాలిని 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. ఫోన్‌లో కనిపించే గాలి వేగానికీ నా అంకెకీ పొంతన కుదరకపోవడానికి అదొక కారణం. అయినా నా చెంపకు తగిలిన గాలి లెక్కే నాకు కావాలి.

సగటు బటన్ నొక్కి రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. 4.1. రాసి పెట్టుకున్నాను. రేపు ఇదే వేళకి మళ్ళీ చూడాలి.