ప్రసార లైన్ల ప్రణాళికపై అభ్యంతరం వేశాను: నా అనుభవం

కరెంటును దూరాలకు మోసే ప్రసార లైన్ల ప్రణాళిక మీద అభ్యంతరం వేసి, మొన్న గురువారం కర్నూలులో, కరెంటు ఛార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి ముందు ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చాను. ఆ వేడి ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాస్తే, రేపు మా వైపు ఇంకెవరైనా ఇలాంటి అభ్యంతరం వేయాలనుకున్నప్పుడు పనికొస్తుందని కూర్చున్నాను.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు ఉంది. 22 ఏళ్లుగా బోరు మోటార్లకు తీగ చుడుతున్నాను. కాలిన మోటారు షాపుకు వస్తే ముందు నోటుబుక్కు తీస్తాను. తేదీ, ఊరు, ఎన్ని హెచ్‌పీ, ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉంది, ఎందుకు కాలింది, అన్నీ రాసుకున్నాకే మోటారు విప్పుతాను. పని నేర్పిన మేస్త్రీ పెట్టిన అలవాటు అది. ఇప్పటికి ఏడు పుస్తకాలు నిండాయి.

ఆ పుస్తకాలు తిరగేస్తే ఎక్కువసార్లు కనిపించే మాట ‘లో వోల్టేజీ’. త్రీ ఫేజుకు 415 వోల్టులు రావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున కరెంటు వదలగానే అందరి మోటార్లూ ఒక్కసారి లేస్తాయి. అప్పుడు మా ఫీడరు, అంటే సబ్‌స్టేషను నుంచి మా మోటార్లకు వచ్చే లైను, చివర మీటరు పెడితే 340 చూపిస్తుంది. వోల్టేజీ పడిపోయినా మోటారు తోడాల్సిన నీళ్లు తోడాల్సిందే కాబట్టి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కుతుంది, తీగ మీది పూత కాలిపోతుంది. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని మార్చినా ఇది పోదు. మాకు దగ్గరున్న 132 కేవీ (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు) సబ్‌స్టేషనే 40 కిలోమీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి 33 కేవీ లైను మీద అంత దూరం వచ్చేసరికి వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. మండలానికి దగ్గర్లో ఇంకో 132 కేవీ సబ్‌స్టేషను కట్టాలి. కట్టాలా వద్దా అనేది ప్రసార ప్రణాళికలో తేలుతుంది.

మా పొలాల మీదుగానే 400 కేవీ లైన్లు పోతున్నాయి. సోలార్ కరెంటు మోసుకెళ్లే లైన్లవి. 2030 నాటికి బొగ్గు వాడని 500 గిగావాట్ల కరెంటు కోసం కేంద్రం 2022 డిసెంబరులో విడుదల చేసిన ప్రసార ప్రణాళికలో మా అనంతపురం, కర్నూలు పేర్లున్నాయి. దేశం మొత్తానికి 2.44 లక్షల కోట్ల పని అది. ఆ లైన్లు వద్దని నేను అనడం లేదు, దేశానికి కరెంటు కావాలి. నేను అడిగేది ఒక్కటే. కరెంటు పుట్టే చోటు నుంచి లెక్క వేసినట్టే, దాన్ని వాడే చివరి మోటారు నుంచి కూడా లెక్క వేయాలి. తలమీద 400 కేవీ పోతుంటే కింద 340 వోల్టులతో మోటారు మాడిపోవడం ఏ ప్రణాళికకూ గౌరవం కాదు.

పేపర్లో నోటీసు చూశాను. రాబోయే ఏళ్లలో వేయబోయే లైన్లు, సబ్‌స్టేషన్ల ప్రణాళిక మీద, వాటి ఛార్జీల మీద స్టేక్‌హోల్డర్ల, అంటే సంబంధం ఉన్నవాళ్ల, సూచనలు కావాలని ఉంది. గడువు మూడు వారాలు. స్టేక్‌హోల్డర్లు అంటే పెద్ద కంపెనీలేనని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చదవండి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే మండలి 120 రోజుల్లో టారిఫ్ (ఛార్జీల) ఉత్తర్వు ఇవ్వాలని అందులో ఉంది. ప్రజలంటే మనమే.

ఆ ప్రణాళిక మీద ప్రసార సంస్థ మండలి ముందు వేసిన పిటిషను నెట్‌లో దొరికింది, డౌన్‌లోడ్ చేసుకున్నాను. అసలు కావాల్సిన లోడు లెక్కల అనుబంధాలు మాత్రం అందులో లేవు. జిల్లా కేంద్రంలో ఉన్న ఆ సంస్థ కార్యాలయంలో చూడవచ్చని రాశారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. వెళ్లినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

మొదటిరోజు సారు మీటింగులో ఉన్నారన్నారు. రెండోరోజు ఆ ఫైలు చూసే ఆయన సెలవన్నారు. మూడోరోజు మధ్యాహ్నం మూడు వరకు బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. నేను చేతిలో నోటీసు, చంకలో ఆఖరి నోటుబుక్కు పెట్టుకుని నిలబడ్డాను.

“ఎవరు నువ్వు?”

“వినియోగదారుణ్ణి సార్. అనుబంధాలు ఇక్కడ చూడొచ్చని నోటీసులో ఉంది.”

“ఏం చదువుకున్నావ్?”

“ఐటీఐ సార్, ఎలక్ట్రీషియన్. వైండింగ్ షాపు ఉంది.”

ఆయన పక్క టేబులు వైపు తిరిగి, “చూశారా, వైండింగ్ షాపాయన వచ్చాడు మనకు గ్రిడ్ ప్లానింగ్ నేర్పడానికి” అన్నారు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నా కొడుకు వయసున్న కుర్రాడు కూడా నవ్వాడు.

నేను నోటుబుక్కు తెరిచి టేబులు మీద పెట్టాను. ఏ నెలలో ఎన్ని మోటార్లు కాలాయో చూడండి సార్ అన్నాను. అట్ట మీద గ్రీజు మరకలున్నాయి, షాపులో పుస్తకం కదా. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నావైపు తోసేశారు. “ఈ జిడ్డు పుస్తకాలు రికార్డు కిందికి రావయ్యా, తీసుకుపో” అన్నారు.

అప్పుడు తెరిచి ఉన్న పేజీ నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అందులో ఒకావిడ పేరు మూడుసార్లు ఉంది. ఒకే వేసవిలో మూడుసార్లు అదే 7.5 హెచ్‌పీ మోటారు. రెండుసార్లు పక్కన కూలి, తీగ ఖర్చు రాసి ఉంది. మూడోసారి ‘విప్పలేదు’ అని ఉంది. ఎంతవుతుందని అడిగింది, చెప్పాను. కాసేపు నిలబడి మోటారు మళ్లీ ఆటోలో వేయించుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాదే తోట ఎండిపోయి కొట్టేయించింది. ఎనిమిదేళ్ల చీనీ చెట్లు. అది రికార్డు కాకపోతే ఇంకేది రికార్డు? ఏసీ గదిలో గీసిన గీతలా?

కోపంతో మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఒక చిన్న ఇంజనీరమ్మాయి వచ్చింది. “అన్నా, ఊరికే అడిగితే ఇవ్వరు. నోటీసు నంబరు వేసి కాగితం రాసి ఇన్‌వర్డులో స్టాంపు వేయించుకోండి, అప్పుడు కాదనలేరు” అంది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. అక్కడే కాగితం కొని రాసిచ్చాను. మర్నాడు గంటసేపు ఫైలు చూడనిచ్చారు, ఫోటోలు తీయొద్దన్నారు.

ఫైలంతా ఇంగ్లీషు. మా మండలం పేరు కోసం వెతికితే ఎక్కడా లేదు. మా సబ్‌స్టేషను ఎదురుగా ‘వోల్టేజీ పరిమితిలోనే ఉంది’ అని ఉంది. పది నిమిషాలు నాకేమీ అర్థం కాలేదు, నా మీటరే తప్పేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. వాళ్లు చూసింది సబ్‌స్టేషను బస్‌బార్ (లోపల లైన్లన్నీ కలిసే కడ్డీ) దగ్గరి వోల్టేజీ. అక్కడ బాగానే ఉంటుంది. ఫీడరు చివర ఏముందో ఆ లెక్కలో లేనే లేదు. ఐటీఐ చదివిన నాకు దొరికిన తప్పు ఇది. గర్వంగానే చెబుతున్నాను.

ఇక అభ్యంతరం రెండు రాత్రుల్లో రాశాను. ఒక కాపీ సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదు జతచేసి ఇంకో కాపీ మండలికి పంపాను. నేరుగా మాట్లాడతానని అందులోనే రాయాలి, మరిచిపోవద్దు. ఆర్టీఐని నమ్ముకోకండి, దానికి 30 రోజులు, ఇక్కడ గడువు మూడు వారాలు. కార్యాలయానికి ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరుంటే ఆ నవ్వులు ఉండవు. విచారణకు తప్పకుండా వస్తానన్న రైతు నాయకుణ్ణి కూడా నమ్ముకోకండి. మా నాయకుడు పొద్దున ఏడింటికి ఫోన్ ఆపేశాడు.

అభ్యంతరంలో ఇంకో సంగతి కూడా రాశాను. మా పక్క చేను అన్న తోటలో 220 కేవీ లైనుకు కొయ్యలు పాతేదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ లైను కింద 35 మీటర్ల వెడల్పున చెట్లు ఉండకూడదు. టవరు నిలబడే చోటుకు భూమి విలువకు రెట్టింపు, లైను కింది భూమికి 30 శాతం పరిహారం అని కేంద్రం 2024 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అయితే డబ్బు తర్వాతి మాట. కొయ్య పాతకముందే గ్రామసభలో మ్యాపు పెట్టి, తెలుగులో చెప్పి, ఇటు నుంచి పోనిద్దామా అటు నుంచా అని అడగాలి. చెట్టు ఎక్కడుందో, బోరు ఎక్కడుందో ఆ ఊరివాళ్లకే తెలుసు.

సంస్థ నుంచి జవాబు వచ్చింది. ప్రణాళిక నిబంధనల ప్రకారమే తయారైందని రెండు లైన్లు. వోల్టేజీ మాటే లేదు.

విచారణ రోజు నా కాళ్లు వణికాయి. ముందు మాట్లాడినవాళ్లంతా కోటు వేసుకున్నవాళ్లు, వాళ్లకు స్లైడ్లున్నాయి. నా వంతు రాగానే నేను బస్‌బార్ సంగతితోనే మొదలుపెట్టాను. వోల్టేజీ ఎక్కడ కొలిచారో సంస్థవారు చెప్పాలని అడిగాను. హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మోటార్ల లెక్క చెప్పాను. పైన కూర్చున్న పెద్దల్లో ఒకరు, “ఆ పుస్తకం తెచ్చారా?” అని అడిగారు. తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో అందుకుని, కళ్లజోడు సర్దుకుని నాలుగైదు పేజీలు తిప్పారు. ఫీడరు చివరి వోల్టేజీ గురించి రాతపూర్వకంగా జవాబివ్వమని సంస్థవారికి చెప్పారు. నావైపు తిరిగి, “సోమవారంలోగా కాపీలు సమర్పించండి” అన్నారు.

ఉత్తర్వు ఇంకా రాలేదు. ఏమొస్తుందో తెలియదు. ఈరోజు షాపు తెరవలేదు. జిరాక్సు షాపు అబ్బాయి పక్కన కూర్చుని ఏడు పుస్తకాలూ ఒక్కో పేజీ తిప్పించాను. గ్రీజు పడి అక్షరాలు కనిపించని చోట పెన్నుతో మళ్లీ రాసి, పక్కన సంతకం పెట్టాను. ‘విప్పలేదు’ అన్న పేజీ మొదటి కాపీ సరిగా రాలేదని ఇంకోసారి తీయించాను. రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరుతున్నాను.