తగలకూడని పంచ్

మా అమ్మాయిని కరాటేలో చేర్చేటప్పుడు నేను చూసుకున్నవి రెండే: క్లాసు టైమింగ్స్, ఇంటి నుంచి దూరం. మాస్టారు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ స్టైల్ అని అడగాలని కూడా నాకు తెలియదు. మొదట చేర్చిన చోట మూడు నెలలకో బెల్టు ఇచ్చేవాళ్లు. ఇచ్చిన ప్రతిసారీ ఫొటో దిగడం, స్టేటస్‌లో పెట్టుకోవడం, మా వాళ్లంతా మెచ్చుకోవడం. ఏడాది తిరిగేసరికి నాలుగు రంగులు మారాయి. తర్వాత ఇల్లు మారాం కాబట్టి ఇంకో డోజో, అంటే కరాటే నేర్పే చోటు, వెతుక్కోవాల్సి వచ్చింది, అంతే తప్ప మొదటిదాని మీద నాకప్పుడు ఏ ఫిర్యాదూ లేదు.

కొత్త డోజోలో మాస్టారు ఆ బెల్టు వంక చూశారు కానీ దాని గురించి ఏమీ అనలేదు. "ఒకసారి స్టాన్స్‌లో నిలబడమ్మా" అన్నారు. ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడింది. ఆయన గొంతుక్కూర్చుని వెనక కాలి మడమ దగ్గర చూపుడువేలు నేలకి ఆనించి తోశారు. వేలు మడమ కిందకి దూరింది. మళ్లీ నిలబడమన్నారు, మళ్లీ దూరింది. మడమ నేలకి అతుక్కుని ఉండకపోతే పంచ్‌లో బలం చెయ్యి దగ్గరే ఆగిపోతుందట, కింద నుంచి రాదట. ఇది నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం ఆయన అడిగింది ఒక్కటే, అదీ నన్ను కాదు, దాన్నే: "రేపటి నుంచి తెల్ల బెల్టు కట్టుకొస్తావా?"

ఇంటికి వెళ్లేదాకా ఏడుస్తూనే ఉంది. నాకూ ఒళ్లు మండింది. కష్టపడి తెచ్చుకున్న బెల్టు కదా, ఈయనెవరు తీసేయడానికి అనుకున్నాను. మర్నాడు సాయంత్రం అదే తెల్ల బెల్టు వెతుక్కుని బయల్దేరింది. ఎందుకు అని అడిగితే, "అక్కడ ఎవరూ నా కాలు చూడలేదు నాన్నా" అంది. ఆ ముక్కకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఐదారు నెలలు నేను గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకునే తండ్రిని. ఫోన్ చూస్తూనే గమనించిన మొదటి సంగతి చీపురు. క్లాసు మొదలయ్యే ముందు మాస్టారే నేల ఊడ్చేవారు. అరవై దాటిన మనిషి, బ్లాక్ బెల్టులో ఐదో డాన్, అంటే ఐదో మెట్టు, పక్కన పాతికేళ్ల శిష్యులు నిలబడి ఉన్నా చీపురు ఇవ్వరు. ఇది ఆయన సొంత పిచ్చి అనుకున్నాను గానీ దీనికి వెనక పెద్ద కథే ఉంది. షోటోకాన్ అనే కరాటే స్టైల్‌కి మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి 1922లో జపాన్‌లోని ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయాడు. అప్పటికి ఆయనకి యాభై దాటింది, చేతిలో డబ్బు లేదు. ఒకినావా విద్యార్థుల హాస్టల్లో చిన్న గదిలో ఉంటూ, అక్కడి గదులు ఊడుస్తూ, తోటపని చేస్తూ, మిగిలిన సమయంలో కరాటే నేర్పించేవాడు. మా మాస్టారు ఈ కథ చెప్పి చీపురు పట్టలేదు. ఊరికే పట్టారు. కథ నాకు వేరే ఆవిడ చెప్పింది.

ఆ వేరే ఆవిడ మా మేడమ్. పిల్లల బ్యాచ్ ఆవిడదే. ఒకప్పుడు పోటీల్లో బాగా ఆడింది, మోకాలి ఆపరేషన్ తర్వాత మానేసింది. మాస్టారు మాటలు పొదుపుగా వాడితే ఈవిడ గలగలా మాట్లాడుతూనే ఉంటుంది, పిల్లల్ని నవ్విస్తూనే చెమటలు పట్టిస్తుంది. మూడో ఆయన, ఆయన అనకూడదేమో, ఇరవై ఏళ్ల కుర్రాడు. చిన్నప్పుడు ఇక్కడే తెల్ల బెల్టుతో మొదలుపెట్టి ఇప్పుడు వార్మప్ చేయిస్తున్నాడు. కౌంట్ మొదలుపెడితే ఇచి, ని, సాన్, షి అని హాలు మారుమోగిపోతుంది, మామూలుగా మాట్లాడమంటే మాత్రం నేల చూపులు చూస్తాడు.

క్లాసు చివర అందరూ మోకాళ్ల మీద కూర్చుని డోజో కున్ చెప్తారు. చాలా షోటోకాన్ డోజోల్లో ఉండేదే, ఐదు వాక్యాలు: వ్యక్తిత్వాన్ని చక్కదిద్దుకోవాలి, నిజాయితీగా ఉండాలి, ప్రయత్నం వదలకూడదు, మర్యాద పాటించాలి, దూకుడును అదుపులో పెట్టుకోవాలి. నిజం చెప్పాలంటే ఇలాంటి మాటలు వింటే నాకు ఆవలింత వస్తుంది, స్కూల్లో ప్రతిజ్ఞ ఎలా చదివామో అందరికీ తెలుసు కదా. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. జపనీస్‌లో ప్రతి వాక్యం "హితోత్సు" అని మొదలవుతుంది, అంటే "ఒకటి". ఐదూ ఒకట్లే. ఏదీ రెండోది కాదు, ఏదీ తర్వాతది కాదు. మా బ్యాచ్‌లో ఆరేళ్ల బుడతడు ఒకడు, "మేడమ్, రెండు ఎప్పుడొస్తుంది?" అని అడిగితే ఆవిడ పడీ పడీ నవ్వి, "ఒకటి పూర్తయ్యాక" అంది.

ఈ మర్యాదలూ నియమాలూ కరాటేకి పైపైన అతికించినవి అనుకునేవాణ్ణి. చదివితే తెలిసింది, మనకి ఇప్పుడు తెలిసిన కరాటేని ఈ రూపంలోకి తెచ్చినవాళ్లలో బడిలో పనిచేసినవాళ్లు ఉన్నారు. గుట్టుగా ఇద్దరు ముగ్గురికి నేర్పే విద్యని ఇతోసు అన్కో 1901లో ఒకినావా బడిలోకి తీసుకెళ్లాడు, పిల్లల కోసం తేలిక కాటాలు, అంటే ఒక వరసలో చేసే కదలికలు, కూర్చాడు, 1908లో పది సూత్రాలు రాశాడు. ఆయన శిష్యుడు ఫునకోషి స్వయంగా బడిపంతులు. అసలు పేరులోనే మార్పు జరిగింది, "చైనా చెయ్యి" అనే అర్థం ఉన్న అక్షరం తీసేసి "ఖాళీ చెయ్యి" అనే అక్షరం పెట్టుకున్నారు, చదవడం రెండూ "కరా" అనే. ఖాళీ చెయ్యి అంటే ఆయుధం లేని చెయ్యి అని అందరూ చెప్తారు. ఫునకోషి దాన్ని అక్కడితో వదల్లేదు, అహం లేని ఖాళీ మనసు దాకా లాక్కెళ్లాడు. ఇది కొంచెం ఎక్కువైందని నా అభిప్రాయం. పంతులుగారు కదా, సాగదీస్తారు.

సరే, బెంచీ మీద కూర్చున్నవాణ్ణి లోపలికి ఎలా వెళ్లానంటే, ఒకరోజు మాస్టారు పక్కన నిలబడి, "ఎలాగూ గంటసేపు ఉంటున్నారుగా" అన్నారు. అంతే. నలభై రెండేళ్లకి తెల్ల బెల్టు కట్టాను. లైన్లో బెల్టు ప్రకారం నిలబడతాం కాబట్టి మా అమ్మాయి నాకంటే ముందు వరసలో ఉంటుంది. అది నాకు సెన్‌పాయ్, అంటే సీనియర్. జోడీగా చేయాల్సి వస్తే ముందు దానికి వంగి దండం పెట్టాలి. మొదటి రోజు అది నవ్వాపుకోలేక ఛస్తుంటే మేడమ్ ఒక్క చూపు చూసింది, ఇద్దరం బిగుసుకుపోయాం.

ఇక నా ఘనకార్యం. చేరి ఏడాది దాటాక కుమిటే, అంటే ఎదురెదురు ఫైటింగ్, మొదలుపెట్టారు. మొహం మీదకి పంచ్ వేయాలి, కానీ చర్మానికి కొద్ది దూరంలో ఆపాలి. నా జోడీ ఓ కాలేజీ కుర్రాడు. రెండు పంచ్‌లు బాగానే ఆగాయి. మూడోది ఎందుకో ఊపులో వెళ్లింది, అబ్బాయి కూడా అదే క్షణంలో ముందుకు వచ్చాడు, పై పెదవి చిట్లింది. తెల్ల డ్రెస్ మీద రక్తం రెండు చుక్కలే, కానీ నాకు ఆ రెండు చుక్కలూ హాలంత కనిపించాయి. నోట మాట రాలేదు. మేడమ్ ఐస్ తెచ్చింది. నేను తిట్లకి రెడీగా ఉన్నాను, తిడితే బాగుండు అని కూడా ఉంది.

మాస్టారు ముందు ఆ అబ్బాయి దగ్గరికి వెళ్లి పళ్లు కదులుతున్నాయేమో చూశారు. తర్వాత ఆ కాలేజీ పిల్లాడికే నడుం వంచి, "తప్పు నాది. మిమ్మల్ని అప్పుడే జత కట్టించకూడదు" అన్నారు. నా వైపు తిరిగి, "స్పీడు బాగుంది, బ్రేకు చూద్దాం" అన్నారు.

బ్రేకు చూడటం అంటే ఏంటంటే, కడ్డీకి దారం కట్టి దానికో పాత న్యూస్‌పేపర్ ముక్క వేలాడదీశారు. దాని ముందు నిలబడి పూర్తి వేగంతో పంచ్ వేయాలి. కాగితం గాలికి ఊగాలి, చేతికి తగలకూడదు. మెల్లగా వేస్తే ఊగదు, వేగంగా వేస్తే తగులుతుంది. మూడు వారాలు ఇదే. మిగతావాళ్లు కాటాలు చేస్తుంటే నేను మూల నిలబడి కాగితంతో కుస్తీ. మొదటి వారం కాగితం చిరిగిపోతూనే ఉంది, ముక్కలు నేనే ఏరుకునేవాణ్ణి. ఆపేది చెయ్యి కాదు, నడుం అని రెండో వారంలో ఎక్కడో తెలిసింది. తుంటి తిరగడం ఆగితే పిడికిలి దానంతట అదే ఆగుతుంది, భుజంతో పట్టి ఆపితే నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఆ రోజుల్లోనే మేడమ్ ఫోన్లో ఒక వీడియో చూపించింది. టోక్యో ఒలింపిక్స్, 2021 ఆగస్టు, మగవాళ్ల 75 కిలోల పైన కుమిటే ఫైనల్. సౌదీ ఆటగాడు తారెగ్ హమెదీ 4-1తో ముందున్నాడు. అతను ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదేని తల మీద కిక్ కొట్టాడు, గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. దెబ్బలో కంట్రోల్ లేదని హమెదీని డిస్‌క్వాలిఫై చేశారు. బంగారు పతకం కింద పడిపోయినవాడికి, వెండి పడగొట్టినవాడికి. మొదటిసారి చూసినవాళ్లెవరైనా ఇదేం ఆటరా బాబూ అనుకుంటారు. నేను మాత్రం నా కాగితం గుర్తొచ్చి కిక్కురుమనలేదు.

ఈ పోటీల దగ్గరే మాస్టారికీ మేడమ్‌కీ పడదు. పిల్లలు బయటికి వెళ్లి ఆడాలి, ఓడాలి, భయం పోవాలి అని ఆవిడ. పాయింట్ల కోసం ఆడటం అలవాటైతే స్టాన్స్ పాడైపోతుందని ఆయన. మా అందరి ముందే వాదించుకుంటారు, మర్యాదగానే అయినా గట్టిగా. నేను మేడమ్ పక్షం. ఇద్దరు ముగ్గురు మంచి పిల్లలు పోటీలకి పంపడం లేదనే ఇక్కడ మానేసి వెళ్లిపోయారు, అది మాకు నష్టమే. ఇంకో విషయం కూడా నాకు నచ్చదు. ఆలస్యంగా వస్తే మాస్టారు చూసి తలూపేదాకా గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన వాడికి ఆ పది నిమిషాలు నరకం. చెప్పాను కూడా. విన్నారు, మార్చలేదు. ఓసారి ఆయనే ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర అలాగే కూర్చున్నారు, క్లాసు నడిపిస్తున్న కుర్రాడికి తలూపే ధైర్యం రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇక దాని గురించి నేనేం మాట్లాడతాను.

బెల్టు టెస్ట్ విషయంలో తల్లిదండ్రుల గొడవ ప్రతిసారీ ఉండేదే. పక్కింటి పిల్లకి వచ్చింది, మా వాడికెందుకు రాలేదు. మేడమ్ ఓపిగ్గా వివరిస్తుంది, మాస్టారు మాత్రం పిల్లాణ్ణి పిలిచి కాటా చేయించి, "మీరే చూడండి" అంటారు. షోటోకాన్‌లో మొదట నేర్పే కాటా హెయాన్ షోదాన్, 21 కదలికలు, మొదటిది దాడి కాదు, బ్లాక్. ఆ ఒక్క కాటాకే మా అమ్మాయికి ఇక్కడ ఎనిమిది నెలలు పట్టింది. దానికి రెండో రంగు ఇచ్చిన రోజు ఫొటో తీయడం మర్చిపోయాం.

వచ్చే నెల మళ్లీ టెస్ట్. లిస్టులో అమ్మాయి పేరుంది, నా పేరు లేదు. ఎందుకు లేదో తెలుసుకుందామని మొన్న రాత్రి హాల్లో సోఫా పక్కకి జరిపి స్టాన్స్‌లో నిలబడి, ఎలా ఉందో చూడవే అన్నాను. అది చదువుకుంటున్న పుస్తకం బోర్లా పెట్టి వచ్చి, నా వెనక గొంతుక్కూర్చుని, మడమ దగ్గర వేలు పెట్టింది.

"దూరుతోంది నాన్నా."